ఎనిమిదో తరగతికి వాలు చెప్పబోయే అమ్మాయికి

అమ్మాయీ,

బాబాయి ఆశీస్సులు. రేఖీయ ప్రమేయాలు, అంటే గ్రాఫులో తిన్నని గీతగా వచ్చే లెక్కలు, తిండి లెక్కలతో చెప్తానన్నావు, బాగుంది. కానీ వై = ఎం ఎక్స్ + సి అని ముందే బోర్డు మీద రాయకు. రాశావంటే ఎం దగ్గర ఒక అంకె, సి దగ్గర ఒక అంకె పెట్టేసి పిల్లలు చేతులు దులుపుకుంటారు. మూడు పీరియడ్లు సూత్రం ఊసెత్తకుండా నడుపు. వాలంటే (ఆ ఎం) గ్రాముకెంత అని, అంతరఖండం అంటే (ఆ సి) ఏమీ వెయ్యకముందు ఎంతుంది అని వాళ్ల నోటే రావాలి.

మొదటి రోజు బియ్యం. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కిలోకాలరీలు. 0, 20, 40 అలా 100 దాకా పట్టిక వేయించు. గ్రాఫు కాగితం మీద అడ్డంగా సెంటీమీటరుకు 20 గ్రాములు, నిలువుగా సెంటీమీటరుకు 25 కిలోకాలరీలు పెట్టు. స్కేలు నువ్వే చెప్పు, మొదటి రోజే వాళ్లకి వదిలేస్తే పీరియడంతా దానికే పోతుంది. వాలు అడిగితే కొందరు గళ్లు లెక్కపెట్టి 14 బై 5, అంటే 2.8 అంటారు. కొట్టెయ్యకు. "2.8 ఏమిటి? గ్రాముకు 2.8 కిలోకాలరీలైతే వంద గ్రాములకు ఎంత?" అని అడిగి పట్టిక చూడమను, 3.5కి వాళ్లే వస్తారు. పక్కన "గ్రాముకు కిలోకాలరీలు" అని రాయని వాలుకు మార్కు వెయ్యకు.

తర్వాత అదే కాగితం మీద అన్నం గీత. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కిలోకాలరీలే, వాలు 1.3. మిగతా కాలరీలు ఏమైపోయాయి అని అడిగి కాసేపు ఊరుకో. గంజిలో పోయాయంటారు, ఆవిరైపోయాయంటారు. 350 దగ్గర అడ్డంగా ఒక గీత గీయించు. అది బియ్యం గీతను 100 గ్రాముల దగ్గర, అన్నం గీతను 270 దగ్గర తగులుతుంది. నీళ్లు బరువు పెంచాయి గానీ కాలరీలు పెంచలేదు, అందుకే గీత వాలిపోయింది. వాలు అన్న మాట మనసుకెక్కేది ఇక్కడే, తొందరపడకు. అర్థమైందా అంటే తరగతంతా "ఆయ్" అంటుంది. నమ్మకు, 200 గ్రాముల అన్నానికి ఎంతో గీత మీద వేలుపెట్టి చూపించమను.

రెండో రోజు బడి భోజనం. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లకి రోజుకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు ఇవ్వాలని నిబంధన. బియ్యంలో 12 గ్రాములు, కందిపప్పులో ఆరు గ్రాముల చిల్లర, వెరసి 18 గ్రాముల ప్రోటీన్ అనుకో. గుడ్డుకు 6 గ్రాములు. సున్నా గుడ్లకు 18, ఒకదానికి 24, రెండింటికి 30. నిన్నటి బియ్యం అలవాటుతో ఒక గుడ్డుకి 24 కాబట్టి రెండింటికి 48 అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. అన్నం రెండుసార్లు వడ్డించారా అని అడుగు, చాలు. చుక్కల వరస మూలబిందువు (రెండు అక్షాలూ కలిసే సున్నా) దగ్గర కాకుండా 18 దగ్గర ఎందుకు మొదలైందో ఒక వాక్యంలో రాయించు. గుడ్లకు చుక్కలే పెట్టించు, కలపనివ్వకు. గుడ్డు తినని పిల్లలు సున్నా దగ్గరి చుక్క, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మూడో రోజు ఖాళీ ప్యాకెట్లు. బిస్కెట్లు, చిప్స్, మిక్చర్, పల్లీ చిక్కీ, ఏదైనా సరే. కడిగి తుడిచి తెమ్మను, లేకపోతే బీరువాకి చీమలు. పట్టికలో 100 గ్రాములకు ఇచ్చిన వరసే చూడాలి. పక్కన "పర్ సర్వ్" (ఒకసారి తినే మోతాదుకు) అని ఇంకో వరస ఉంటుంది, సగం పొరపాట్లు అక్కడే. ఎనర్జీ కిలోజౌళ్లలో ఇస్తే 4.184తో భాగించాలి.

ముందు ఒక ఊహ లెక్క: పంచదార, నెయ్యి కలిపి 100 గ్రాములు, పూతరేకుల్లో వేసేవే. పంచదార గ్రాముకు 4 కిలోకాలరీలు, నెయ్యి గ్రాముకు దాదాపు 9. నెయ్యి ఎక్స్ గ్రాములైతే మొత్తం 400 + 5 ఎక్స్. గ్రాముకు 9 అయినప్పుడు వాలు 5 ఎందుకు? ఒక గ్రాము నెయ్యి వేస్తే ఒక గ్రాము పంచదార తీసేయాలి కదా, 9 వచ్చి 4 పోయింది. ప్రోటీనుకీ గ్రాముకు 4 కాబట్టి ఈ గీత పొడి తిళ్లన్నింటికీ దాదాపు సరిపోతుంది.

ఆ గీత మీద ప్యాకెట్ల చుక్కలు పెట్టించు. అడ్డంగా కొవ్వు, నిలువుగా కాలరీలు. నిలువు అక్షం సున్నా నుంచే మొదలవ్వాలి, 400 నుంచి మొదలెడితే అంతరఖండం సున్నా అనుకుంటారు. బిస్కెట్లు, చిప్స్ గీతకు కాస్త కింద పడతాయి, కొద్దో గొప్పో తేమ, పీచు ఉంటాయి కనక. చివర్లో పాల ప్యాకెట్ అంకెలు ఇవ్వు. ఆ చుక్క ఎక్కడో అడుగున పడుతుంది. ఎందుకో నువ్వు చెప్పకు, మొదటి రోజు అన్నం గుర్తుచెయ్యి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. పిల్లల బరువులతో గ్రాఫులు వేయించకు, నిన్న ఇంట్లో ఏం తిన్నారని తరగతిలో అడగకు. ఎవరింట్లో ఏం ఉడికిందో అందరి ముందూ చెప్పించడం మన పని కాదు. ఇది మంచి తిండి, అది చెత్త అనే తీర్పులు కూడా వద్దు.

సూత్రం నాలుగో రోజు రాయి. పరీక్షలో ఈ ప్రశ్న ఇవ్వు: గ్లాసు పాలలో 120 కిలోకాలరీలు, చెంచా పంచదారకు 20. సమీకరణం రాయండి. చెంచా పెద్దదైతే ఏ అంకె మారుతుంది? మామూలు పాలకు బదులు చిక్కటి గేదెపాలు పోస్తే ఏ అంకె మారుతుంది? లెక్క తప్పినా ఈ రెండూ సరిగ్గా చెప్పిన పిల్లకి సగం మార్కులు వెయ్యి.

ఇట్లు,
మీ బాబాయి