చెన్నైలో చిన్న బెడ్‌రూమ్: బూజు, ఉక్కపోత లేకుండా ఎలా సర్దుకోవాలి?

వేళచ్చేరిలో పది బై పది బెడ్‌రూమ్, బీరువాలో పట్టుచీరలకు బూజు పడుతోంది అని అడిగారు. ముందు ఆ బీరువాను బయటి గోడ నుంచి జరపండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానకు ఆ గోడ చెమ్మ పీలుస్తుంది. బీరువా ఆనుకుని ఉంటే వెనక గాలి ఆడదు, బూజు మొదలయ్యేది అక్కడే. లోపలి గోడ దగ్గరైనా నాలుగు వేళ్లు పట్టేంత సందు వదలండి.

కొత్తగా వార్డ్‌రోబ్ చేయిస్తే పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పలక) వద్దే వద్దు, తడి తగిలితే అటుకుల్లా ఉబ్బుతుంది. ఐఎస్ 710 ముద్ర (తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఉండే భారతీయ ప్రమాణం) ఉన్న ప్లైవుడ్ అడగండి. కార్పెంటర్ "ఏదైనా ఒకటే సార్" అంటాడు, వినకండి.

కింద స్టోరేజీ ఉన్న బాక్స్ మంచం చిన్న గదికి భలే అనిపిస్తుంది గానీ, పరుపు కింద గాలి ఆడక ముక్కిపోయిన వాసన వస్తుంది. చెక్కల మధ్య సందులున్న కాళ్ల మంచమే మేలు. ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది, ఆ వైపు కిటికీకి ఏదీ అడ్డు పెట్టకండి. పడమటి కిటికీకి మందపాటి కర్టెన్ చాలు. తడి బట్టలు మాత్రం గదిలో ఆరేయొద్దు. వానాకాలంలో ఏసీని కాసేపు గాలిలో చెమ్మ తీసే డ్రై మోడ్‌లో నడపండి.