‘లావైనా’లో ఉన్న మెలిక

సందేహం: యువత కోసం ప్రేమ నవల రాస్తున్నాను. కథానాయిక లావుగా ఉంటుంది, తన ఒంటి మీద ఆమెకు చిన్నచూపు లేదు. ‘లావు’ మోటుగా ఉంది, ‘బొద్దు’ అనమని మిత్రుల సలహా. ‘లావైనా అందంగా ఉంటుంది’ అన్న వాక్యం సరైనదేనా? ఒంటిని ఉన్నదున్నట్టు ఇష్టపడే ‘బాడీ పాజిటివిటీ’ని ‘దేహ సానుకూలత’ అనవచ్చా?

సమాధానం: ‘లావు’ మోటు మాట కాదు. పోతన గజేంద్రుడు ‘లావొక్కింతయు లేదు’ అని మొరపెట్టుకున్నది సత్తువ లేదని, బరువు తగ్గానని కాదు. వాడుకలో ఆ అర్థం జారిపోయి పరిమాణమే మిగిలింది. లావు తాడు, లావు పుస్తకం అంటే ఎవరూ నొచ్చుకోరు. మనిషి దగ్గరికి వచ్చేసరికే అది దెప్పులా వినిపిస్తుంది. ఆ దోషం అనేవారి గొంతుది. అందుకే ఆ మాటను మొదట కథానాయిక చేతే, మామూలుగా అనిపించండి: ‘నేను లావుగా ఉంటాను, ఆ కుర్చీలో పట్టను. ఇంకోటి లాగు.’

‘బొద్దు’ చంటిపిల్లలకు చెల్లుతుంది. పంతొమ్మిదేళ్ల ప్రేయసికి తగిలిస్తే ముచ్చట మిగిలి వలపు పోతుంది. ‘ఊబకాయం’, ‘స్థూలకాయం’ మందుల చీటీ భాష. ‘ఒళ్ళు చేసింది’ అంటే మునుపు ఇంత లావు లేదని అర్థం కాబట్టి, మొదటి నుంచీ అలాగే ఉన్నవాళ్లకు పొసగదు.

ఇక మీ వాక్యం. వ్యాకరణం తప్పలేదు గానీ నవల ఉద్దేశాన్నే అది దెబ్బతీస్తోంది. ‘అయినా’ అప్యర్థకం, అంటే అంచనాకు భిన్నంగా జరిగిందని చెప్పే మాట. ‘చిన్నవాడైనా చక్కగా చెప్పాడు’ అన్నప్పుడు, చిన్నవాళ్లు చెప్పలేరన్న అంచనా వాక్యంలోనే దాగి ఉంటుంది. ‘లావైనా అందంగా’ అన్నా అంతే: లావుకూ అందానికీ పడదని రచయితే ఒప్పేసుకున్నట్టు. ‘కానీ’ పెట్టినా ఇదే గతి. రెంటినీ విడదీయండి, లేదా ఒకే వరుసలో పెట్టండి: ‘లావుగా, పొడుగ్గా, అందంగా ఉంటుంది.’

ఇంకో చిన్న అక్షరం ఇంతకంటే ప్రమాదం. నాయకుడు ‘నువ్వు బాగానే ఉన్నావు’ అంటాడనుకోండి. ‘బాగానే’లోని ‘ఏ’ అవధారణార్థకమే (నొక్కి చెప్పేదే) అయినా, ఇక్కడ ‘ఫరవాలేదులే’ అన్న ఓదార్పు తెస్తుంది. ప్రేమలో ఓదార్పు మార్కులు ఎవరిక్కావాలి? ‘బాగున్నావు’ చాలు. ‘నువ్వు కూడా అందగత్తెవే’ అనిపిస్తే ‘కూడా’, ‘ఏ’ అని రెండు తప్పులు ఒకేచోట చేరినట్టు.

‘దేహ సానుకూలత’ వ్యాసంలో చెల్లుతుందేమో, సంభాషణలో నిలవదు. ‘సానుకూలంగా స్పందించారు’ అనే అలవాటు వల్ల అది అర్జీకి వచ్చిన జవాబులా ఉంటుంది. ‘స్వీయ అంగీకారం’ కూడా అంతే, ఎవరో పెట్టిన షరతుకు తలూపినట్టు. ‘సర్దుకుపోయింది’, ‘రాజీపడింది’ అసలే వద్దు, అవి ఓటమి మాటలు. తెలుగులో ఇష్టం ‘నచ్చు’తో, ‘నాకు’ అనే రూపంతో పలుకుతుంది: ‘నా ఒళ్ళు నాకు నచ్చుతుంది.’ పాత్ర ఇంకా అంతదూరం రాకపోతే ‘నా ఒంటితో నాకు పేచీ లేదు’ అనిపించండి. మొదటి అధ్యాయంలో పేచీ లేనిది చివరి అధ్యాయానికి నచ్చేదాకా రావచ్చు. ఆ మధ్య దూరానికి ఆమె బరువు తగ్గనక్కర్లేదు, క్రియ మారితే చాలు.