మే నెలలో అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో కృష్ణా లోయకు: మల్లెల తీర్థం వద్దు, సోమశిల వెళ్లండి

అక్కా, పాలమూరు నుంచి రెండు రోజుల ట్రిప్‌కు మల్లెల తీర్థం జలపాతం అనుకుంటున్నామని రాశారు. మే నెలలో అక్కడ ధార సన్నబడిపోతుంది. పైగా వందల మెట్లు దిగి ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారికి చాలా కష్టం. దాన్ని వానలయ్యాక పెట్టుకోండి.

ఇప్పుడైతే సోమశిల మంచిది. నల్లమల కొండల మధ్య కృష్ణ మలుపు తిరిగే చోటు, కొల్లాపూర్‌కు దగ్గర. టూరిజం వాళ్ల హరిత కాటేజీలు ముందే బుక్ చేసుకోండి, శని ఆదివారాల్లో దొరకవు.

అసలు ఎండాకాలంలోనే చూడాల్సింది సంగమేశ్వరం గుడి. శ్రీశైలం జలాశయం నిండితే ఆ గుడి మునిగిపోతుంది, నీళ్లు తగ్గాకే బయటపడుతుంది. లోపల వేపమొద్దు శివలింగం ఉంటుంది, ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్తారు. సోమశిల నుంచి బోటులో వెళ్లొచ్చు. గుడి తేలిందో లేదో ముందురోజే బోటు వాళ్లను అడగండి. పొద్దున్నే బయలుదేరి, ఎండ ముదరకముందే తిరిగి రండి. లైఫ్ జాకెట్లు లేని బోటు ఎక్కకండి, ఎంత తక్కువకు వస్తామన్నా సరే. నీళ్లు వెనక్కి తగ్గిన ఒడ్డున పైన ఎండి పగుళ్లిచ్చిన ఒండ్రు కింద మెత్తగా ఉంటుంది, కాలు దిగబడుతుంది. పిల్లల చెయ్యి వదలొద్దు.

సాయంత్రం సోమశిలలోనే ఉన్న లలితా సోమేశ్వరస్వామి గుడికి వెళ్లండి. తిరుగు ప్రయాణంలో కొల్లాపూర్ బేనిషాన్ మామిడి తప్పకుండా కొనండి, సీజన్ అదే.