పొద్దున్నే మొండికేసే డీజిల్ కారు: ఇంజెక్టర్లు అప్పుడే మార్చకండి

రెండు లక్షల కిలోమీటర్లు దాటిన స్విఫ్ట్ డీజిల్, రోజూ అమలాపురం నుంచి రాజమండ్రి. పొద్దున సెల్ఫ్ కొట్టగా కొట్టగా గానీ అందుకోవట్లేదు, తర్వాత రోజంతా బాగుంటోంది, మెకానిక్ నాలుగు ఇంజెక్టర్లూ (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) మార్చాలంటున్నాడు అన్నారు కదా. ఆగండి, ఆ డబ్బు అప్పుడే పెట్టొద్దు.

రేపు పొద్దున మీరు సెల్ఫ్ కొడుతుంటే ఇంట్లో ఎవరినైనా సైలెన్సర్ వైపు చూడమనండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ సిలిండర్‌లోకి చేరుతోంది కానీ మండట్లేదని అర్థం, కాబట్టి ముందు గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్ అందుకునేలా సిలిండర్లని లోపల వేడిచేసేవి) చెక్ చేయించండి, ఇంజెక్టర్లతో పోలిస్తే చాలా చవక. పొగే లేకపోతే డీజిల్ పైకి రావట్లేదు. రాత్రంతా పైపుల్లోకి గాలి చేరి ఉంటుంది, ఫిల్టర్ దగ్గర జాయింట్లు, క్లిప్పులు చూడాలి. ఫిల్టర్ అడుగున ఉన్నది కొంచెం గాజు సీసాలోకి వదిలి కాసేపు ఉంచండి, నీళ్లుంటే కిందకి దిగి గీత గీసినట్టు కనిపిస్తాయి.

ఇవన్నీ బాగుంటేనే ఇంజెక్టర్ల సంగతి. అప్పుడు కూడా ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్ వెనక్కి వెళ్లే రిటర్న్ పైపులకి నాలుగు చిన్న సీసాలు కట్టి ఇంజన్ నడపమనండి, ఏది మిగతావాటికంటే త్వరగా నిండితే ఆ ఒక్కదాన్నే అనుమానించాలి.

ఇంకోటి, గోదావరి వరదప్పుడు కాజ్‌వే మీద నీళ్లుంటే దయచేసి కారు దించకండి, ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు లోపలికెళ్తే ఇంజన్‌లో పిస్టన్‌ని పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుందండి.