ముందు ఆకు కోసి చూడు

చిరంజీవి కల్యాణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఎడారి మొక్కల లక్షణాలు ఒకవైపు, నీటి మొక్కల లక్షణాలు మరోవైపు రాసుకుని ప్రాక్టికల్ పరీక్షకు బట్టీ పడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ కాగితం పక్కన పెట్టు తల్లీ. ముందు ఆకు కోసి చూడు, పుస్తకం తర్వాత తెరవవచ్చు.

మన హైదరాబాద్ రోడ్ల మధ్య డివైడర్లలో గన్నేరు మొక్కలు చూస్తూనే ఉంటావు. మే నెల ఎండలో కూడా పూస్తూ ఉంటాయి. ఎలాగో ఆకే చెబుతుంది. మీ వీధిలోని చెట్టు నుంచి బాగా ఎదిగిన ఆకు ఒకటి తెచ్చుకో. దాని పాలు విషం, పని అయ్యేదాకా కళ్లు నలుపుకోకు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కో. ఆకు ముక్కను బంగాళాదుంప చీలికలో నిలబెట్టి, తడి బ్లేడుతో ఒక్క ఊపులో కోయి. రంపంలా ఆడించావా, కణాలన్నీ చితికిపోతాయి. ఇరవై కోస్తే రెండు మూడు పనికొస్తాయి, విసుగుపడకు. అన్నిటికన్నా పలచనిదాన్ని కుంచెతో తీసి, సాఫ్రనిన్ రంగు పట్టించి, నీళ్లలో కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టు.

మైక్రోస్కోపులో చూస్తే పైన మందపాటి అవభాసిని, అంటే మైనపు పొర, దాని కింద ఒకటి కాదు, కొన్ని వరుసల బాహ్యచర్మం కనిపిస్తాయి. అక్కడే ఆగకు, అడుగువైపుకు రా. లోపలికి దిగిన గుంటలు, వాటి నిండా నూగు. పత్రరంధ్రాలు ఆ గుంటల్లోనే ఉంటాయి. వడగాలి వాటిని నేరుగా తాకదు. ఆకు వదిలిన తేమ నూగులో చిక్కుకుని కాసేపు అక్కడే నిలుస్తుంది, కాబట్టి లోపలి నీరు తొందరగా ఆవిరైపోదు. ఎన్నేళ్లు పాఠం చెప్పినా ఆ గుంట కనబడగానే నాకు ఒళ్లు పులకరించేది.

తర్వాత కలువ ఆకు. దీనికి పత్రరంధ్రాలు పైవైపే ఉంటాయి. అడుగు నీటికి ఆనుకుని ఉంటే అక్కడ కిటికీలు దేనికి? లోపల పెద్ద పెద్ద గాలి గదులుంటాయి, ఆకును తేల్చేవి అవే. ఇక పూర్తిగా మునిగి బతికే హైడ్రిల్లాకు బ్లేడే అక్కర్లేదు. ఆకు మొత్తం రెండు పొరల కణాలే. నీటిచుక్కలో అలాగే పెట్టి ఓపికగా చూస్తే పచ్చని హరితరేణువులు కణం గోడ వెంబడి నడుస్తూ కనిపిస్తాయి.

పరీక్షలో కోత చిరిగితే, చిరిగినదాన్నే ఉన్నది ఉన్నట్టు గీయి. ‘గన్నేరు’ అని పేరు రాసి ఊరుకోకుండా, ఏ గుర్తు చూసి పోల్చుకున్నావో దాని పక్కనే రాయి.

ఆదివారం రా. మైక్రోస్కోపు తుడిచి ఉంచుతాను.

మీ పెద్దమ్మ