పాత ముద్రాచిత్రాల్లో రాజోద్యానాలు అంత తీరుగా ఎందుకుంటాయి?

ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనం తోటల పాత ముద్రాచిత్రాల్లో, అంటే రాగిరేకు మీద గీసి కాగితం మీద అచ్చువేసిన బొమ్మల్లో, చెట్లు గీత గీసినట్టు బారులు తీరి, మనుషులు చీమల్లా ఉంటారు. తోట నిజంగా అలాగే ఉండేదా అని ఒక పాఠకుడు అడిగారు. చాలావరకు ఉండేది. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కోసం తోటల రూపశిల్పి ఆంద్రే లె నోత్ర్ దాన్ని అలాగే తీర్చాడు. అయితే ఆ రాజు దర్పం నేల మీద కంటే కాగితం మీదే బాగా పండిందని నేనంటాను.

కొంతకాలం రాగిరేకు మీద ఎచ్చింగ్ (ఆమ్లంతో గీతలు తొలిచే పద్ధతి) నేర్చుకున్నాను కాబట్టి ఇలాంటి చిత్రం దొరికితే ముందు గీతలే చూస్తాను. ఆ కాలపు చిత్రకారులు ఇజ్రాయెల్ సిల్వెస్త్ర్, పెరెల్ కుటుంబం వేసిన దృశ్యాలను భూతద్దంతో చూడండి. వెనక పొదలు దట్టమైన గీతలతో నల్లబడి ఉంటాయి. నీటిధారకు మాత్రం నాలుగు సన్నగీతలు, మిగిలినదంతా కాగితం తెలుపే. చెక్కేవాడికి అంతకంటే తేలికైన పని లేదు. అందుకే ఆ బొమ్మల్లో ఫౌంటెన్లన్నీ ఎప్పుడూ ఎగజిమ్ముతూనే ఉంటాయి.

అసలు తోటలో నీటికి కటకట. రాజు వస్తుంటే పనివాళ్లు ఈల వేసి ముందున్న ఫౌంటెన్ విప్పేవారు, ఆయన దాటిపోగానే కట్టేసేవారు! సీన్ నది నీళ్లు ఎత్తిపోయడానికి 1684లో 14 చక్రాల మార్లీ యంత్రం సిద్ధమైంది. అదీ చాలలేదు. మరుసటి ఏడాది యూర్ నదిని మళ్లించే కాలువకు వేల మంది సైనికులను దింపితే ఎందరో జ్వరాల పాలై చనిపోయారు. 1688లో యుద్ధం వచ్చి ఆ పని ఆగిపోయింది. ఆ కాలువను మోయడానికి మాంతెనోన్ ఊళ్లో కట్టిన మొండి తోరణాలు నేటికీ నిలిచే ఉన్నాయి. ఈ గొడవేదీ ఆ చిత్రాల్లో కనబడదు.

ఆకాశం నుంచి చూసినట్టున్న కోణమూ కల్పనే. వెర్సాయ్ నుంచి మోంగోల్ఫియే సోదరుల బెలూన్ గొర్రెను, బాతును, కోడిపుంజును మోసుకుని లేచింది 1783లో. అంతకు నూరేళ్ల ముందు అంత ఎత్తు నుంచి ఆ తోటను చూసిన మనిషే లేడు. నేల మీది కొలతలు, పటాలు పట్టుకుని చిత్రకారులు ఊహించి గీసినవే.

మరి ఇదంతా ఎవరికోసం? మంత్రి కోల్బేర్ హయాంలో ఇలాంటి చిత్రాలను సంపుటాలుగా కుట్టించి విదేశీ రాయబారులకు, రాజాస్థానాలకు కానుకగా ఇచ్చేవారు. వెర్సాయ్‌లో అడుగుపెట్టని వాళ్లే అసలు ప్రేక్షకులు. ఈసారి చూసినప్పుడు బొమ్మ కింది అంచున నిలబడ్డ దొరలను గమనించండి. చాలాసార్లు వారిలో ఒకరు చేతికర్రతో తోటవైపు చూపిస్తుంటాడు. ఎటు చూసి అబ్బురపడాలో మనకు చెప్పడమే అతని పని.