పతకాల పట్టిక పక్కన పెట్టి చూడు, అల్లుడా

అనంతపురం

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

నీ మెసేజ్ చూశాను. అథ్లెటిక్స్‌ను మీరంత ఇష్టంగా ఎట్ల చూస్తారు మామా, నాకు పది నిమిషాలకే బోరు కొడుతుంది, మనవాళ్ళెవరూ గెలవరు కదా అన్నావు. ఫోన్లో చెప్తే ఊఁ కొట్టి మరిచిపోతావు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

మనవాళ్ళెవరూ గెలవరు అన్నావు చూడు, నీకు బోరు కొట్టేది అందుకే. పతకం కోసమే కూచునేవాడికి అథ్లెటిక్స్‌లో నాలుగేళ్ళకు ఒక రాత్రి దొరికితే గొప్ప. స్వాతంత్ర్యం వచ్చాక ఒలింపిక్స్ అథ్లెటిక్స్‌లో మనకు వచ్చినవి రెండే రెండు పతకాలు. రెండూ నీరజ్ చోప్రావే: టోక్యోలో స్వర్ణం, పారిస్‌లో రజతం. ఆ రెండు రాత్రుల కోసం మిగతావన్నీ వదులుకుంటావా?

2023లో బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో మగవాళ్ళ 4×400 రిలే (నలుగురు ఒకరి తర్వాత ఒకరు తలా 400 మీటర్లు పరిగెత్తేది) హీట్ దొరికితే వెతికి చూడు. హీట్ అంటే పతకం ఉండదు, జాతీయ గీతం ఉండదు, ఫైనల్‌కు ఎవరు పోతారో తేల్చే పరుగు అంతే. అందులో అనస్, అమోజ్ జాకబ్, అజ్మల్, రాజేశ్ రమేశ్ కలిసి అమెరికాకు ఊపిరాడనివ్వలేదు. వాళ్ళు 2 నిమిషాల 58.47 సెకన్లు, మనవాళ్ళు 2 నిమిషాల 59.05. అప్పటిదాకా జపాన్ చేతిలో ఉన్న ఆసియా రికార్డు పోయింది. ఫైనల్లో అయిదో స్థానం వచ్చింది. పతకాల పట్టికలో ఆ పరుగు జాడ కూడా ఉండదు. నేనైతే మా వీధి సగం లేచేటట్టు అరిచాను, మీ అత్తనడుగు.

కాబట్టి మొదట చేయాల్సిన పని, పరుగు మొదలయ్యే ముందే లైన్లో నిలబడ్డ ఒక్కొక్కరికీ ఏం కావాలో తెలుసుకోవడం. టీవీలో పేరు పక్కన పీబీ అని వస్తుంది, అది వాళ్ళ జీవితంలోనే మంచి టైమింగ్. ఎస్‌బీ అంటే ఆ ఏడాదిలో మంచిది. ఎన్‌ఆర్ అంటే వాళ్ళ దేశం రికార్డు. ఒకడికి స్వర్ణం కావాలి, ఇంకొకడికి ఫైనల్‌కు పోతే చాలు, ఎనిమిదో లైన్లో ఉన్నవాడికి తన దేశం రికార్డు కొడితే అదే పండగ. అది తెలిస్తే ఎనిమిది మంది పరుగులో ఎనిమిది పోటీలు కనపడతాయి. వరల్డ్ అథ్లెటిక్స్ వెబ్‌సైట్‌లో స్టార్ట్ లిస్టులు, అంటే ఎవరెవరు పరిగెడతారో ఆ జాబితాలు పెడతారు, రేసుకు ముందు ఫోన్లో తెరిచి పెట్టుకో.

పి.టి. ఉష సంగతి మా తరానికి కంఠస్థం. 1984 లాస్ ఏంజెలెస్, 400 మీటర్ల హర్డిల్స్, సెకనులో నూరో వంతు తేడాతో కంచు పోయింది. ఆమె 55.42, మూడో స్థానం అమ్మాయి 55.41. బాధ పడాల్సిందే. కానీ ఆ రేసు గెలిచిందెవరని అడిగితే మనవాళ్ళలో నూటికి తొంభై మంది నోరెళ్ళబెడతారు. మొరాకో అమ్మాయి నవాల్ ఎల్ ముతవకెల్. ఒలింపిక్స్‌లో ఆ దేశానికి అదే తొలి స్వర్ణం. ఆడవాళ్ళకు ఆ పోటీ పెట్టడం కూడా అదే మొదటిసారి. మన దుఃఖం మనం చూసుకుంటూ, మన కళ్ళ ముందు జరిగిన అంత పెద్ద సంగతిని వదిలేశాం.

ఇప్పుడు జావెలిన్ గురించి. దీని మీద నాకు పక్షపాతముంది, ముందే చెప్తున్నా.

చూసేవాళ్ళందరి కళ్ళూ గాల్లో పోయే జావెలిన్ మీదే ఉంటాయి. అది చేతిలోంచి వెళ్ళిపోయాక చేసేదేమీ లేదు, నువ్వు కాళ్ళు చూడు. కుడిచేత్తో విసిరేవాడు పరిగెత్తుకుంటూ వచ్చి చివర్లో ఎడమ కాలు నేలకు గట్టిగా తన్నిపెడతాడు. ఆ మోకాలు వంగకుండా నిలిస్తే పరుగులోని వేగమంతా నడుము, భుజం మీదుగా చేతికి పోతుంది. వంగిందా, సగం బలం అక్కడే ఆరిపోతుంది. కాలు చూస్తే, జావెలిన్ నేల మీద పడకముందే మంచి త్రోనా కాదా చెప్పేయొచ్చు. నీరజ్ విసిరాక ముందుకు తూలి చేతుల మీద పడతాడు కదా, అందుకే గీత దాటి ఫౌల్ కాకుండా, గీతకు అంత దూరంలో ఆగాల్సి వస్తుంది.

పారిస్ ఫైనల్లో పన్నెండు మంది, తలా మూడు త్రోలు వేశారు. ఆ తర్వాత ఎనిమిది మందికే ఇంకో మూడు ఇచ్చారు. పాకిస్తాన్ అర్షద్ నదీమ్ మొదటిది ఫౌల్. రెండోది 92.97 మీటర్లు, ఒలింపిక్ రికార్డు. అంతటితో మిగతావాళ్ళ లెక్కలన్నీ తారుమారు. నీరజ్ రెండో త్రో 89.45, తక్కిన ఐదూ ఫౌలే. ఒక్కోసారి విసిరింది తక్కువని తెలిసి వాళ్ళే కావాలని గీత దాటుతారు, ఆ దూరం రాయకుండా ఉండాలని. ఎర్ర జెండా లేచిన ప్రతిసారీ అయ్యో అనుకోనవసరం లేదు.

2025 మేలో దోహాలో నీరజ్ మొదటిసారి 90 దాటాడు, 90.23. ఆ రోజు గెలిచింది మాత్రం జర్మనీ యూలియన్ వెబర్, 91.06. జీవితంలోనే మంచి త్రో వేసి కూడా రెండో స్థానం! దాన్ని ఓటమి అనడానికి నాకు నోరు రాదు.

ఇంకో ముచ్చట. 1984లో తూర్పు జర్మనీ ఊవె హోన్ 104.80 మీటర్లు విసిరాడు. ఇట్లే పోతే జావెలిన్ ట్రాక్ మీద పరిగెత్తేవాళ్ళకు తగులుతుందని, 1986లో మగవాళ్ళ జావెలిన్ బరువు కేంద్రాన్ని ముందుకు జరిపారు. ముక్కు త్వరగా కిందికి దిగేటట్టు. ఆ హోనే తర్వాత కొంతకాలం నీరజ్‌కు కోచ్. తొంభై మీటర్లంటే ఎంతో టీవీలో తెలియదు. ఇక్కడికొచ్చినప్పుడు మా పోలీసు ట్రైనింగ్ కాలేజీ (పీటీసీ) గ్రౌండుకు పొద్దున్నే పోయి టేపు పట్టి కొలిచి, ఇక్కడొక రాయి అక్కడొక రాయి పెట్టి చూడు. తర్వాత మాట్లాడుదాం.

వంద మీటర్ల హర్డిల్స్‌లో జ్యోతి యర్రాజిని చూస్తావుగా, మన విశాఖ అమ్మాయి. పది హర్డిళ్ళు, ఒక్కొక్కదాని మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, ఆ మధ్యలో మూడే అడుగులు. ఒక హర్డిల్‌కు కాలు తగిలితే అడుగుల లెక్క చెడి తర్వాతి హర్డిళ్ళన్నిటి మీదా ఆ ప్రభావం పడుతుంది. కాబట్టి ఎవరు ముందున్నారని కాదు, ఎవరి అడుగు చెదిరిందో చూడు. 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల ఫైనల్లో పక్క లైన్ చైనా అమ్మాయి తుపాకీ మోగకముందే కదిలింది, ఆ కదలికకు జ్యోతి కూడా కదిలింది. ఇద్దరికీ ఎర్ర కార్డు, అంటే పోటీలోంచి బయటికే అన్నారు. జ్యోతి అక్కడే నిలబడి వాదించింది. చివరికి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. తర్వాత తప్పు చైనా అమ్మాయిదేనని తేల్చి, మూడోగా వచ్చిన జ్యోతికి రజతం ఇచ్చారు. 12.91 సెకన్ల పరుగు కన్నా దానికి ముందున్న ఆ నిమిషాలే నాకు ఎక్కువ గుర్తు. ఆ టెన్షన్ తర్వాత బ్లాకుల్లో మళ్ళీ కూచోవడమే పెద్ద పని.

వంద మీటర్లకు పెద్దగా చెప్పేది లేదు, అదే లాగేస్తుంది. ఒక్కటి మాత్రం: మొదటి ముప్పై మీటర్లు చూసి తీర్పు ఇవ్వొద్దు. పారిస్‌లో నోవా లైల్స్ ఆ ముప్పై దగ్గర అందరికన్నా వెనక. గెలిచింది అతనే, 9.784, రెండోవాడు 9.789. పాదం కాదు, చేయి కాదు, ఛాతీ గీత దాటడమే లెక్క. పదిహేను వందల మీటర్లలో ముందు పరిగెత్తేవాణ్ణి నమ్మొద్దు, చివరి మూడు వందల మీటర్లలో లోపలి గీత పక్కన ఎవరికి దారి దొరుకుతుందో చూడు. పారిస్‌లో ఇంగెబ్రిట్సెన్ దాదాపు రేసంతా నడిపించి నాలుగో స్థానంలో పడ్డాడు.

ఇవన్నీ ఒకేసారి చూడాలనుకోకు, తల తిరుగుతుంది. ట్రాక్ మీద ఒక పోటీ, ఫీల్డ్‌లో ఒకటి పట్టుకో. కామెంటరీ వాళ్ళు మనవాళ్ళ రేసు అయిపోగానే యాడ్లకు పోతారు, ఆ సమయంలోనే హైజంప్‌లో అసలు కథ నడుస్తుంటుంది. ఫోన్లో లైవ్ స్కోరు తెరిచి పెట్టుకుంటే అది తప్పిపోదు. హైలైట్స్ జోలికి వెళ్ళకు. ఫలితం తెలిశాక జావెలిన్ ఆరో త్రోలో ఏముంది?

2028 ఒలింపిక్స్ మళ్ళీ లాస్ ఏంజెలెస్‌లోనే, జులై 14 నుంచి 30 దాకా. ఈసారి అథ్లెటిక్స్ మొదటి వారంలోనే పెట్టారు. అక్కడ రాత్రి ఏడు గంటలంటే మనకు మర్నాడు పొద్దున ఏడున్నర. అర్ధరాత్రి కళ్ళు నులుముకునే బాధ లేదు, ఉగ్గాని బజ్జీ తింటూ ఫైనల్స్ చూడొచ్చు. సెలవు ముందే అడిగి పెట్టుకుని ఇక్కడికి వచ్చేయ్. మీ అమ్మను కూడా తీసుకురా, బజ్జీల పిండి కలపడం మీ అత్త కన్నా ఆమెకే బాగా వచ్చు. ఈ మాట మాత్రం మీ అత్తకు చెప్పొద్దు.

మీ మామ